స్తంభాల పాటకి వంత

తవిటయ్య పనికి చేతులు అక్కర్లేదు. ముఠాలో అందరూ అతన్ని ఏడిపించేది ఆ మాటతోనే. కరెంటు స్తంభం ఎత్తేటప్పుడు ఎనిమిదిమంది ఒళ్ళు పచ్చిపుండవుతుంది. తవిటయ్య మాత్రం గొయ్యికి పదడుగుల దూరంలో, అందరికీ కనబడేలా ఏ రాయిమీదో నిలబడి పాట చెబుతాడు.

"మా బావది గాలి ఉద్యోగం," అనేవాడు జోగులు. "నోరు తెరిస్తే పని. మూస్తే బీడీ."

"మూసి సూడనా మరి, తంబం నీ నెత్తిమీద ఉన్నప్పుడు?" అనేవాడు తవిటయ్య.

జోగులు తవిటయ్య చెల్లెలు నీలమ్మ పెనిమిటి. ముఠాలో కత్తెర పట్టేది అతను. రెండు సరివి కర్రల్ని తలదగ్గర అడ్డంగా కలిపి తాడుతో బిగించి కడితే అది కత్తెర. స్తంభాన్ని భుజాలమీద కొంత లేపగానే దాని కింద కత్తెర దూర్చాలి. భుజాలు ఊపిరి తీసుకునేంతసేపు బరువు కత్తెరమీద ఉంటుంది. మళ్ళీ తోస్తారు, కత్తెర ఒక అడుగు మొదలువైపు జరుగుతుంది. అలా అడుగడుగూ లేచి, మొదలు గొయ్యిలోకి జారి, స్తంభం నిట్రాడలా నిలబడేదాకా అందరి ప్రాణాలూ కత్తెర పట్టినవాడి చేతుల్లోనే ఉంటాయి. ఆ పని చేసేవాళ్ళలో "కత్తెర ఒగ్గేసినోడు", అంటే వదిలేసినవాడు, అన్నదానికి మించిన తిట్టు లేదు. తాగుబోతు అంటే పడతారు. దొంగ అన్నా పడతారు. ఆ మాట మాత్రం పడరు.

పాట తవిటయ్యకి మేనమామ నేర్పాడు. పెద్ద పాటేం కాదు.

"కొండా నువ్వెవరి బిడ్డవే — ఐలేసా
మబ్బుల తల్లి బిడ్డనే — ఐలేసా
మబ్బుకు మొగుడెవరటే — ఐలేసా
మా సన్నాసే మొగుడంటా — ఐలేసా"

సన్నాసి ముఠాలో తాడు పట్టేవాడు. కోతిలాంటి మనిషి. స్తంభం కాస్త ఒరిగితే చాలు, తాడుతో సహా మూడంగల్లో అవతలికి దూకేవాడు. పాటలో తన పేరొచ్చినప్పుడల్లా, "మబ్బునైనా ఇయ్యండ్రా, ఇంట్లో ఉన్నదానికన్నా మెత్తగుంటాది" అనేవాడు. ఆ మాట పెళ్ళాం పైడమ్మ చెవిన పడితే ఆవిడ ఒక పూట కూర వండేది కాదట. అదీ అతనే చెప్పి నవ్వేవాడు.

మాటలు రోజుకొకలా మారేవి. మారనిది ఒక్కటే. పాట దించకూడదు. గొంతుని పైనెక్కడో వదిలి మళ్ళీ అక్కడే అందుకోవాలి గానీ, కిందికి తెచ్చి కూర్చోబెట్టకూడదు. స్తంభం నిలబడి, గొయ్యిలో మొదటి రాళ్ళతట్ట పడ్డాకే ఆఖరు చరణం. దాన్ని పాట దించడం అంటారు. ఎందుకలాగని తవిటయ్య చిన్నప్పుడు అడిగితే మేనమామ చెప్పలేదు. "ఆకలెందుకేత్తాదని అడుగుతావేట్రా?" అన్నాడంతే.

హిమజ వాళ్ళని సాలూరు దగ్గర ఘాటీరోడ్డులో చూసింది. కారు దిగి, రెండు స్తంభాలు లేచేదాకా అక్కడినుంచి కదల్లేదు. ముప్పై ఏళ్ళుంటాయి. విశాఖపట్నంలో ఏదో పరిశోధనాలయంలో పని. పక్షవాతంతో చెయ్యి పడిపోయినవాళ్ళని పాటతో కదిలించాలని చూస్తున్నారట. పాటకి కండలు లేచే మనుషుల కోసం వెతుకుతోందట.

"మీకు సంగీతం ఎవరు నేర్పారండీ?" అని తవిటయ్యని అడిగింది.

"సంగీతమా?" జోగులు వెనకనుంచి నవ్వాడు. "అది కేకమ్మా. ఎద్దుల్ని అదిలించినట్టు మమ్మల్ని అదిలిత్తాడు."

అందరితోపాటు తవిటయ్యా నవ్వాడు. పాతికేళ్ళ కిందట రామభజనలో తనంతట తనే ముందుకెళ్ళి గొంతు కలిపితే, హార్మోనీ వాయించే ఆయన చెయ్యి తీసేసి, "నీ శ్రుతి ఏ గట్టుమీదుందో చూసుకురా, అప్పుడు వాయిస్తాను" అన్నాడు. ఆ తర్వాత తవిటయ్య స్తంభాల దగ్గర తప్ప ఎక్కడా నోరెత్తలేదు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు కూడా.

ఆమె తవిటయ్యని విశాఖపట్నం పిలిపించుకుంది. పరిశోధనాలయం అంటే గాజుబుడ్లు ఉంటాయనుకున్నాడు. తీరా చూస్తే ఒక గది, ఒక బల్ల, రెండు కుర్చీలు. హిమజ అతని చెవి వెనక ఎముకమీద చింతగింజంత బిళ్ళ ఒకటి అంటించి, చేతికి ఫోనిచ్చింది.

"ఇందులో 'వంత' అని ఉంది. పాడండి. అది వంత పాడుతుంది."

పాడాడు. ఫోను ఆ పాటని వంకరగీతగా గీసుకుంది. గీతకింద రంగురంగుల గుండ్రాలు పుట్టాయి. గుండ్రాన్ని తాకితే మూడు నాలుగు స్వరాలు ఒక్కసారే పలికాయి, ఒకే కాడకి వేలాడే చింతకాయల్లా. వాటిని కార్డ్స్ అంటారంది ఆమె. తవిటయ్య గుత్తులన్నాడు. ఆ మాట ఆమెకి నచ్చినట్టుంది. తర్వాత తనూ గుత్తులనే అంది.

"ఏ గుత్తి పక్కన ఏది పెట్టాలో నాకెలగ తెలుత్తాదమ్మా?"

"తెలియక్కర్లేదు తవిటయ్యగారూ. ఏమీ తెలియనివాళ్ళ కోసమే దీన్ని చేశాం. అది రెండే రెండు అడుగుతుంది. బరువుగా ఉండాలా, తేలిగ్గానా? దూరం వెళ్ళాలా, ఇంటికి రావాలా? మనసుకి ఏది తోస్తే ఆ గుండ్రాన్ని లాగి పెట్టండి."

నీలం గుండ్రాలు ఇల్లు వదిలి వెళ్ళేవి. ఎరుపు ఇంకా దూరం పోయేవి. పసుపు ఇంటికొచ్చేది. అంతకుమించి తెలుసుకోవలసిందేం లేదంది ఆమె.

ఆ గుత్తులు చెవిలోకి రాలేదు. ఎముకలోంచి వచ్చాయి. ఏటిలో నిలబడితే నీటి లాగుడు పిక్కలకి తెలుస్తుంది చూడండి, అలా దవడకి, మెడకి, భుజానికి తెలిశాయి. ఆ గింజ అతని నాడి చూస్తోందట. ఏ గుత్తికి ఒళ్ళు ఎంత బిగుస్తుందో, ఎంత వదులవుతుందో కనిపెట్టి, మళ్ళీసారి ఆ గుత్తిని ఇంకొంచెం ఒంటికి పట్టేలా సవరిస్తుందట.

ఆమె అతని చేతికి ఇటుకనిచ్చి, చెయ్యి చాపి పట్టుకోమంది. ఊరికే అయితే రెండు నిమిషాలకే చెయ్యి వణికింది. నీలం, ఎరుపు, నీలం, ఎరుపు మోగుతుంటే ఏడు నిమిషాలు పట్టాడు. చేతిలో ఇటుక ఉన్నట్టే లేదు. ఇంతలో పసుపు మోగింది. ఇటుక బల్లమీద పెట్టేశాడు.

"ఎందుకు దించేశారు? నొప్పిగా ఉందా?"

"నొప్పేం లేదమ్మా. దించాలనిపించింది, దించేసినాను."

ఆమె పుస్తకంలో ఏదో రాసుకుంది. తవిటయ్య అది తన ఇష్టంతో చేసిన పనే అనుకున్నాడు. ఆమె ఏమనుకుందో గానీ ఇంకేమీ అడగలేదు.

ముఠా పనికోసం ఆమె ఒక వరస కట్టిచ్చింది. అన్నీ నీలాలూ ఎరుపులూ. పసుపు అట్టచివర ఒక్కటే. అందరికీ తలో గింజ ఇచ్చింది. "పనికి ఇది పెట్టండి. మీ సరదాకి ఎన్నైనా కట్టుకోండి," అంది.

మొదటిరోజు స్తంభం బెండుముక్కలా లేచింది. భుజం పెట్టినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఇందులో ఇనుము ఎయ్యడం మర్సిపోనారేట్రా?" అన్నాడు సన్నాసి. ఎనిమిదిమంది ఊగేది ఎనిమిది ఊపులుగా కాకుండా ఒకే మనిషి ఊగినట్టయింది. కాంట్రాక్టరు మూడు రోజులు చూశాడు. నాలుగోరోజు ముగ్గుర్ని వేరే లైనుకి తోలేశాడు. వాళ్ళలో ఒకడు వెళ్తూ వెళ్తూ గింజ ఊడదీసి తవిటయ్య అరచేతిలో పెట్టి, "మంచి మందే తెచ్చినావు మావా" అన్నాడు.

మిగిలిన ఐదుగురికీ అలవాటయింది. ఎంత అలవాటంటే, జోగులు ఇంట్లో బియ్యం బస్తా ఎత్తబోయి, ఆగి, చెవి వెనక తడుముకునేవాడు.

"ఏటి, పాట నేకపోతే బస్తా నెగదా?" అనేది నీలమ్మ. "రేపు మంచం దిగడానిక్కూడా మా అన్నియ్యని పిలుత్తావేటి?"

తవిటయ్య సంగతి వేరు. పని అయ్యాక కూడా అతను ఫోను వదిలేవాడు కాదు. హిమజ కట్టిన వరస పనికి బాగుండేది గానీ వినడానికి బాగుండేది కాదు. దప్పికతో ఉన్నవాడి ముందు చెంబు పెట్టి, చెయ్యి పట్టేసుకున్నట్టుండేది. అరుగుమీద కూర్చుని గుండ్రాలు అటు లాగి, ఇటు లాగి, తీసి, పెట్టి చూసేవాడు. నెల్లాళ్ళు అదే పని. ఒకనాటి సాయంత్రం నాలుగో చరణం కింద, "మొగుడంటా" దగ్గర, పసుపు పెట్టాడు.

గొంతు పైనే ఉంది. మేనమామ చెప్పినట్టు ఎక్కడా దించలేదు. కింద మాత్రం ఇల్లొచ్చింది. వాకిట్లో నీళ్ళు చల్లి, దీపం పెట్టి, ఎవరో మనకోసమే గుమ్మంలో నిలబడ్డట్టు వచ్చింది.

నీలమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆపింది.

"అన్నియ్యా, ఇది నీ పాటేనా?"

"నా పాటే."

"మరి ఇన్నాళ్ళూ దీన్ని కేకన్నాం గదా," అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మళ్ళీ ఒక్కసారెయ్యి."

మళ్ళీ వేశాడు. యాభైరెండేళ్ళ మనిషికి ఆ పూట అన్నం సయించలేదు. హార్మోనీ ఆయన బతికుంటే వెళ్ళి వినిపించి వచ్చేవాడు.

కార్తీకంలో తుఫాను వచ్చింది. కొండమీద ఒక గూడేనికి పదకొండు రోజులు కరెంటు లేదు. దారి కొట్టుకుపోయి క్రేను ఎక్కలేదు. స్తంభాల్ని మనుషులే మోసి, మనుషులే నిలబెట్టాలి. ఆరు రోజుల్లో పదమూడు నిలబెట్టారు. ఆఖరుది గూడెం ముందర. పొద్దున తొమ్మిది అవుతోంది. ఊరు ఊరంతా వచ్చి కూర్చుంది. ఆడవాళ్ళు అంబలి కుండ, చింతకాయ పచ్చడి తెచ్చి పెట్టారు. ఒక ముసలామె తవిటయ్య దగ్గరికొచ్చి మొహంలో మొహం పెట్టి చూసింది.

"పాట సెప్పీవోడివి నువ్వేనేటి? పదకొండు రోజులై చీకట్లో ఉన్నాం నాయనా. మంచి పాట సెప్పు. ఇంటాం."

అతన్ని అలా అడిగినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు.

ఫోనులో రెండు వరసలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. పైది హిమజ కట్టింది. కిందిది తను కట్టుకున్నది. బొటనవేలు పైదాని దగ్గరికి వెళ్ళింది. తర్వాత కిందిదాన్ని తాకింది. జనానికి వినబడాలని ఫోనుని చిన్న స్పీకరుకి కలిపి రాయిమీద పెట్టాడు.

మొదటిసారి నాలుగో చరణం వచ్చేసరికి స్తంభం తల మొలబంటి ఎత్తులోనే ఉంది. దాన్ని కత్తెరమీద పెట్టి అందరూ ఊపిరి వదిలారు.

"ఇయాళ పాట హాయిగుంది బావా," అన్నాడు జోగులు.

గింజలు ఆ హాయిని చూశాయి. రెండోసారి పసుపుని ఇంకొంచెం సవరించాయి. ఆడవాళ్ళు ఐలేసా అందుకున్నారు. ముసలామె చప్పట్లు కొడుతోంది. తవిటయ్య కళ్ళు మూసుకుని పాడాడు. పాట చెప్పేవాడు కళ్ళు మూసుకోకూడదు.

మూడోసారికి స్తంభం సగానికి పైగా లేచింది. బరువు భుజాలు దాటిపోయి కత్తెరమీద ఉంది. సన్నాసి తాడు పట్టుకుని ఎదురుగా ఉన్నాడు. "మా సన్నాసే మొగుడంటా" అన్నాడు తవిటయ్య. పసుపు వచ్చింది.

కళ్ళు తెరిచేసరికి ఐదుగురి మొహాలూ తెరిపిన పడినట్టున్నాయి. పొలంనుంచి వచ్చి గుమ్మంలో మోపు దించిన మనుషుల్లా ఉన్నారు. జోగులు చేతులు విచ్చుకున్నాయి. కత్తెర పక్కకి వాలింది, స్తంభం సన్నాసి ఉన్నవైపు ఒరిగింది. తను కేకెయ్యాలి. గొంతు రాలేదు. గొంతులో కూడా అదే హాయి. సన్నాసి పైకి చూస్తున్నాడు. దూకలేదు. కేక వేసింది ఆడవాళ్ళు. వాళ్ళ చెవుల వెనక గింజలు లేవు.

విచారణకి వచ్చినవాళ్ళు చెట్టుకింద కుర్చీ వేసుకుని ఒక్కొక్కర్నీ అడిగారు. కాంట్రాక్టరు ముందే చెప్పేశాడు. "కత్తెర వదిలేశాడండీ. అంతే." జోగుల్ని అడిగారు.

"అవును బాబూ. ఒగ్గేసినాను."

"ఎందుకు వదిలావు?"

"తెల్దు. బరువనిపించలేదు. నా సేతులే ఒగ్గేసినాయి."

తవిటయ్యని అడిగారు. "నాను పాట సెబుతన్నాను," అన్నాడు. అది అబద్ధం కాదు. అక్కడితో ఆగాడు.

సన్నాసి పన్నెండో రోజు కర్మకి వెళ్ళి వచ్చాక హిమజనుంచి కబురొచ్చింది. విశాఖపట్నం వెళ్ళాడు. అదే గది. ఆమె మొహం పీక్కుపోయి ఉంది. తెరమీద ఆరు గీతలు చూపించింది. ఐదు ముఠావాళ్ళవి. ఆరోది తనది. అన్నీ పైపైకి పోయి, ఒకే చోట, కత్తితో కోసినట్టు కిందికి పడ్డాయి. ఆ చోట పసుపు గుండ్రం ఉంది.

"అందరి చేతులూ ఒకేసారి వదులయ్యాయి," అంది. "ఆ క్షణంలో బరువు జోగులుగారి చేతుల్లో ఉంది. ఇంకొకరి చేతుల్లో ఉంటే వాళ్ళ పేరొచ్చేది."

తవిటయ్య గీతలవైపే చూస్తున్నాడు.

"ఆ రోజు మీరు ఇటుక దించారు. నేను 'హాయి' అని రాసుకున్నాను. గుర్తుందా? దాని కింద ప్రశ్న గుర్తు కూడా పెట్టాను. తర్వాత చూద్దాంలే అనుకున్నాను." పుస్తకంలో ఆ పేజీ తీసి అతని ముందు పెట్టింది. "ఏమీ తెలియక్కర్లేదని మీతో అన్నదీ నేనే."

"మీరు కట్టింది బాగానే ఉందమ్మా. పసుపెట్టింది నాను."

"మీకు తెలియదు కదండీ."

"పాట దించకూడదని తెలుసు. గొంతులో దించనేదు, కిందన దించేసినాను. రెండూ ఒకటేనని తెల్దు."

పాట దించడమంటే ఏమిటని ఆమె అడిగింది. చెప్పాడు. ఆమె ఆ ప్రశ్న గుర్తు కిందే దాన్ని రాసుకుంది. ఇన్ని లెక్కలు కట్టి తాము కనిపెట్టింది ఆ ముఠాలో ఎవరో ముత్తాత ఒక్క ముక్కలో చెప్పి పోయాడు. ఆ ముక్కని ఈమె అడగలేదు, అతను చెప్పలేదు.

"గింజల పని ఆపించేశాను," అందామె. "మావాళ్ళు ఇప్పుడే బయటపెట్టొద్దంటున్నారు. నేను మాత్రం రాసిస్తాను. కొంచెం టైము పడుతుంది."

"ఇదింకా ఎవులికీ తెల్దా?"

"మావాళ్ళకి కాక, మనిద్దరికే."

ఆ మాట పట్టుకుని బస్సెక్కాడు. సాలూరులో దిగేలోపు జోగులుకి చెప్పెయ్యాలనుకున్నాడు. దిగాక రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపు పద్దెనిమిది రోజులు సాగింది.

ఆ పద్దెనిమిది రోజుల్లో తవిటయ్య చూసినవి చాలా ఉన్నాయి. టీకొట్టువాడు అందరికీ గ్లాసు చేతికిచ్చేవాడు, జోగులుకి మాత్రం బల్లమీద పెట్టేవాడు. కావాలని చేసిన పని కాదు. వాడికీ తెలియదు. ఎవరూ జోగులు చేతికి ఏదీ ఇవ్వడం లేదు. నిచ్చెన పట్టుకోమనరు. ఎద్దు పలుపు పట్టుకోమనరు. ముఠా కొత్త మనిషిని తెచ్చుకుంది. జోగులు రోజూ తెల్లారగానే బోరింగు దగ్గర రెండు బిందెలు నింపి పైడమ్మ ఇంటికి మోసేవాడు. బిందె మెడ పట్టుకునేవాడు కాదు. పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో గుండెకి అదుముకుని, అడుగు చూసుకుని నడిచేవాడు. పైడమ్మ వద్దనేది కాదు, రమ్మనేది కాదు. గుమ్మం పక్కన పెట్టి వచ్చేసేవాడు.

ఒకరోజు నీలమ్మ అన్నయ్య ఇంటికొచ్చి గడపమీద కూర్చుంది.

"పిల్లని ఎత్తుకోడం మానేసినాడు అన్నియ్యా. అది నాన్నా అని సేతులు సాపితే ఎనక్కి జరిగిపోతన్నాడు. నా సేతుల్ని నమ్మకే అమ్మా అంటన్నాడు, మూడేళ్ళ గుంటతోటి."

ఆవిడ ఏడవలేదు. అంతకుముందు పాట విని ఏడ్చిన మనిషి.

మర్నాడు తెల్లారి తవిటయ్య బోరింగు దగ్గరికి వెళ్ళాడు. జోగులు రెండో బిందె నింపుతున్నాడు. చుట్టూ ఎవరూ లేరు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, "అది నీ సేతుల తప్పు కాదురా" అన్నాడు. తర్వాత అంతా చెప్పాడు. ఆరు గీతలు, పసుపు గుండ్రం, రెండు వరసలు, ముసలామె అడిగిన మాట, బొటనవేలు. ఒక్కటీ దాచలేదు. పద్దెనిమిది రోజుల సంగతి కూడా చెప్పాడు.

జోగులు హేండిలు కొట్టడం ఆపలేదు. బిందె నిండి పొర్లుతోంది.

"అందరియీ ఒగ్గేసినాయా?"

"అందరియీ."

"సన్నాసియీ?"

తవిటయ్యకి ఆ ప్రశ్న ఎటు పోతుందో అర్థం కాలేదు. "ఆ."

జోగులు హేండిలు వదిలేశాడు.

"అందుకా ఆడు దూకనేదు?" అన్నాడు. "నాను రోజూ అదే అనుకుంటన్నాను బావా. నా సేతులొగ్గేసినాయి సరే. ఆడికేటయింది? కోతినా కొడుకు, పిడుగు పడినా తప్పుకునీవోడు. అలగ నవ్వుతా సూత్తా నిలబడిపోనాడేటి అని. హాయిగున్నాడన్నమాట."

ఆ సంగతి తవిటయ్య అంతవరకూ ఆలోచించలేదు. జోగులు చేతుల గురించే ఆలోచించాడు. సన్నాసి కాళ్ళ గురించి ఆలోచించలేదు. బోరింగు గట్టుమీద కూలబడ్డాడు.

జోగులు తిట్టలేదు. కొట్టలేదు. కొడతాడనే తవిటయ్య వచ్చాడు. జోగులు తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు, ఎవరివో చూసినట్టు. తర్వాత ఒక బిందె ఎత్తుకున్నాడు.

"రా. నాకు సెప్పింది ఆ యమ్మకి సెప్పు."

పైడమ్మ వాకిట్లో చోళ్ళు చెరుగుతోంది. ఇద్దర్నీ చూసి చేట కింద పెట్టలేదు. తవిటయ్య నిలబడే చెప్పాడు. బోరింగు దగ్గర చెప్పినంత బాగా చెప్పలేకపోయాడు. మాటలు ముందువి వెనక, వెనకవి ముందు వచ్చాయి. గుత్తులంటే ఏమిటో, వంతంటే ఏమిటో ఆవిడకి తెలియదు. అయినా మధ్యలో అడ్డు రాలేదు. అతను చెప్పడం అయిపోయాక చేటలోని పొట్టు ఒకసారి ఊది, అడిగింది.

"ఆ పాట ఉందా?"

"ఉంది."

"ఎయ్యి."

"ఒద్దు పైడమ్మా."

"ఆయన ఆకర్న ఇన్నది అదే గదా అన్నియ్యా. నాను ఇనొద్దా?"

ఫోను తీశాడు. కింది వరసని తాకాడు. పాట వచ్చింది. వాకిట్లో గింజలు లేవు, ముఠా లేదు. ఉత్త పాట. కొండా నువ్వెవరి బిడ్డవే. మబ్బుల తల్లి బిడ్డనే. సన్నాసి పేరు వచ్చినప్పుడు పైడమ్మ తల కొంచెం పక్కకి వంగింది. పసుపు వచ్చింది. అది అంతకుముందులాగే ఉంది. దాని తీపి ఏమీ తగ్గలేదు. తవిటయ్య ఆ క్షణంలో కూడా, ఇంత జరిగాక కూడా, బాగా కుదిరింది అనుకున్నాడు. అనుకున్నందుకు తనని తను ఏం చేసుకోవాలో తెలియలేదు.

పాట అయిపోయింది. కోడిపెట్ట ఒకటి వచ్చి చేట పక్కన రాలిన గింజలు ఏరుకుంటోంది. పైడమ్మ దాన్ని తోలలేదు.

"బాగుంది," అంది.

కోడిపెట్టని చూస్తూ, "ఆయన భయపడనేదన్నమాట" అంది, తనలో తను అనుకున్నట్టు.

తర్వాత లేచి, జోగులు గుండెకి అదుముకున్న బిందెని ఒక చేత్తో అందుకుంది. అతని చేతుల్లోంచి తన చేతుల్లోకి తీసుకుంది.

"తమ్ముడూ, రేపట్నుంచి నీళ్ళు తేకు. నాను తెచ్చుకుంటాను. నీ కూతుర్నెత్తుకో, పో."

జోగులు వాకిలి దాటి వెళ్ళిపోయాడు. తవిటయ్య అక్కడే ఉన్నాడు. ఆ నీళ్ళు ఇంక తనని తెమ్మంటుందని చూశాడు. పోనీ తిడుతుందని, చీపురు తిరగేస్తుందని, మన్ను తీసి పోస్తుందని చూశాడు. ఏదైనా సరే, చెయ్యడానికి ఒకటి దొరుకుతుందని చూశాడు.

పైడమ్మ బిందె లోపల పెట్టి వచ్చి, మళ్ళీ చేట అందుకుంది. అతనికి ఏ పనీ చెప్పలేదు.